గ్రేడిల్‌లో మన సొంత ఫంక్షన్: రాసే ముందు రెండు ప్రశ్నలు

బిల్డ్ డాట్ గ్రేడిల్ అంటే కాపీ పేస్ట్ చేసే ఫైల్ అనుకుంటారు చాలామంది. కానీ అది కాట్లిన్‌లోనో గ్రూవీలోనో రాసే కోడే. అంటే మన సొంత ఫంక్షన్ కూడా అందులో రాసుకోవచ్చు. ఈరోజు వెర్షన్ కోడ్‌ని లెక్కేసే ఫంక్షన్ చూద్దాం.

వెర్షన్ కోడ్ అనేది ప్రతి అప్‌డేట్‌కీ పెరగాల్సిన నంబర్. ఒకసారి వాడేసిన నంబర్‌తో మళ్లీ అప్‌లోడ్ చేస్తే ప్లే కన్సోల్ తీసుకోదు. చేత్తో మార్చడం మర్చిపోతాం కాబట్టి, గిట్‌లో ఉన్న కమిట్‌ల లెక్కనే నంబర్‌గా ఇస్తారు. గిట్ రెవ్-లిస్ట్‌కి కౌంట్ ఆప్షన్ ఇస్తే ఆ లెక్క వస్తుంది. ఫంక్షన్ చిన్నదే. కానీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, ఇది ఎప్పుడు రన్ అవుతుంది?

గ్రేడిల్‌లో మూడు దశలు: ఇనిషియలైజేషన్, కాన్ఫిగరేషన్, ఎగ్జిక్యూషన్. డిఫాల్ట్ కాన్ఫిగ్‌లో ఫంక్షన్‌ని నేరుగా పిలిస్తే అది కాన్ఫిగరేషన్‌లోనే రన్ అవుతుంది. మీరు ఊరికే క్లీన్ కొట్టినా గిట్ రన్ అవుతుంది! కాన్ఫిగరేషన్ క్యాష్ ఆన్ చేసి ఉంటే ఎర్రర్ కూడా వస్తుంది. అందుకే ప్రొవైడర్స్ డాట్ ఎగ్జెక్ వాడండి. ఫంక్షన్ నంబర్‌ని కాదు, ప్రొవైడర్‌ని రిటర్న్ చేయాలి. దాన్ని ఆండ్రాయిడ్ కాంపొనెంట్స్ బ్లాక్‌లో రిలీజ్ వేరియంట్‌కి మాత్రమే సెట్ చేయండి. డీబగ్‌కి 1 చాలు.

రెండు, తప్పు జవాబు వస్తే ఎవరికి తెలుస్తుంది?

గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెక్అవుట్ స్టెప్ డిఫాల్ట్‌గా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో 840 వచ్చే లెక్క అక్కడ 1 అవుతుంది. బిల్డ్ మాత్రం గ్రీన్! తీరా రిలీజ్ రోజు అప్‌లోడ్ దగ్గర ఆగిపోతారు. టెస్టర్‌కి ఏపీకే పంపినా, పాతదాని మీద ఇన్‌స్టాల్ అవ్వదు, ఎందుకంటే నంబర్ తగ్గింది.

దీనికి ఫెచ్-డెప్త్ 0 పెడితే హిస్టరీ మొత్తం వస్తుంది. కానీ రేపు ఎవరైనా ఆ లైన్ తీసేస్తే? అందుకే ఫంక్షన్‌లోనే కాపలా పెట్టండి. గిట్ రెవ్-పార్స్‌కి ఈజ్-షాలో-రిపాజిటరీ ఆప్షన్ ఇచ్చి అడగండి. ట్రూ అని వస్తే, గ్రేడిల్ ఎక్సెప్షన్‌తో బిల్డ్ అక్కడే ఆపేయండి. మెసేజ్‌లో "ఫెచ్-డెప్త్ 0 పెట్టండి" అని స్పష్టంగా రాయండి. అర్ధరాత్రి ఆ ఎర్రర్ చూసేది మీ టీమ్‌లో కొత్తగా చేరిన వాళ్లు కావచ్చు.

బిల్డ్ ఆగిపోతే పది నిమిషాల పని. తప్పు నంబర్‌తో బయటికెళ్తే రిలీజే ఆగిపోతుంది.

మీ ప్రాజెక్ట్‌లో ఇలాంటి ఫంక్షన్ ఉంటే ఇవాళే తెరిచి ఈ రెండు ప్రశ్నలు అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!