ఒట్టి బ్రష్షు, అవ్వ నలుగు

 

ఇంజనీరును పిలిచి ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను వైద్యుణ్ణి కాను. నా కాలు నాకు నేర్పిన పాఠం మాత్రం చెప్పగలను.

నిరుడు మా అమ్మాయి పొడవాటి పిడి ఉన్న బ్రష్షు ఒకటి తెప్పించింది. స్నానానికి ముందు, పొడి ఒంటి మీద, పాదాల నుంచి గుండె వైపుకు రుద్దుకోవాలట. ఒంట్లోని విషాలన్నీ పోతాయట. దాన్ని డ్రై బ్రషింగ్ అంటారు. ఎంత గట్టిగా రుద్దితే అంత మంచిదనుకున్నాను. నాకు షుగరుంది. మోకాలి కింద చర్మం గీసుకుపోయినా నొప్పి తెలియలేదు. అది పుండై, మానడానికి రెండు నెలలు పట్టింది.

మంచం మీద కూర్చుంటే మా అవ్వ గుర్తొచ్చింది. శనివారం వస్తే చాలు, ముందు గోరువెచ్చని నువ్వుల నూనె పట్టించేది. ఒళ్లు నానిన తర్వాతే సున్నిపిండితో నలుగు పెట్టేది. వాగ్భటుడి అష్టాంగహృదయంలోనూ వరస అంతే: అభ్యంగం, వ్యాయామం, ఆ తర్వాత ఉద్వర్తనం, చివరికి స్నానం. నూనె లేకుండా పొడులతో రుద్దే పద్ధతీ ఆయుర్వేదంలో ఉంది. అయితే అది ఒంటి తత్వం చూసి వైద్యుడు చెప్పాల్సిన మాట.

గ్రీజు లేని బేరింగు అరిగిపోతుందని రోజూ కుర్రాళ్లకు చెప్పే నేను, నా ఒంటి విషయంలో ఆ మాట మరిచాను. చర్మం పైపొర చాలాచోట్ల దాదాపు నోటుపుస్తకం కాగితమంత పల్చన. సుమారు నాలుగు వారాల్లో తనంతట తానే కొత్తదవుతుంది. ఒంట్లో మలినాలను వడకట్టే పని కాలేయానిది, మూత్రపిండాలది. బ్రష్షుది కాదు. శోషరసానికి గుండెలాంటి పంపు లేదు. దాని నాళాలు ముడుచుకోవడం వల్ల, మన కండరాల కదలిక వల్ల అది ముందుకు సాగుతుంది. అంటే నడకే దానికి మేలు.

బ్రష్షు వద్దనడం లేదు. మెత్తని కుచ్చుతో, తేలిక చేత్తో రుద్దితే మృతచర్మం రాలి ఒళ్లు హాయిగా ఉంటుంది. పుండ్లు, తామర ఉన్నచోట తాకించవద్దు. రుద్దాక కాస్త నూనె రాయండి. షుగరున్నవాళ్లు రోజూ పాదాలు చూసుకోండి.

ఇక్కడున్న మా బ్యాచి వాళ్లం అందరం యాభై దాటాం. రేపు పొద్దున ఆరింటికి రండి, చిన్నప్పటిలా రాజమహల్ దాకా నడిచొద్దాం.

సెలవు.