రిటైర్మెంటు సొమ్ము - తప్పుడు సలహా - నష్టపరిహారం

(బ్రాడీపేటలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. మోసపోయి, పోయిన డబ్బు తిరిగి రాబట్టుకున్న ఒక రిటైర్డు ఉపాధ్యాయుణ్ణి. ఆ అనుభవాన్నే మీ ముందు ఉంచుతున్నాను.

2016లో పదవీ విరమణ చేశాను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము ఖాతాలో పడిన వారానికే బ్యాంకు నుంచి ఒక కుర్రవాడు ఇంటికి వచ్చాడు. ఒకప్పటి నా విద్యార్థే. "మాస్టారూ, ఇది ఫిక్సెడ్ డిపాజిట్ కన్నా మేలు. ఒక్కసారి కడితే చాలు" అన్నాడు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి 4 లక్షలు ఇచ్చాను. మరుసటి ఏడాది ఇంకో 4 లక్షలు కట్టమని నోటీసు వచ్చింది. అది డిపాజిట్ కాదు, పదేళ్ళపాటు ఏటా ప్రీమియం కట్టవలసిన బీమా పాలసీ అని అప్పుడు తెలిసింది. పెన్షన్ మీద బతికేవాడు ఏటా 4 లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు?

మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు చదువు చెప్పినవాడు చదవకుండా సంతకం పెట్టాడంటే నవ్విపోతారని సిగ్గు. చివరకు మా ఇంటావిడే అడిగింది: "మీ సిగ్గు ఖరీదు 4 లక్షలా?" అని.

బీమా కంపెనీకి రాసి ప్రపోజల్ ఫారం నకలు తెప్పించుకున్నాను. అందులో నా వృత్తి "వ్యాపారం", వార్షికాదాయం 12 లక్షలు అని ఉంది. ఆ రాత నాది కాదు. సంతకం మీదే కదా, పాలసీ వెనక్కి ఇచ్చే 15 రోజుల గడువు దాటింది కదా అని కంపెనీ తిరస్కరించింది. అప్పుడు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపాను. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. నా పెన్షన్ ఉత్తర్వును ఆ ఫారం పక్కన పెట్టి చూపించాను. కట్టిన ప్రీమియం తిరిగి ఇవ్వమని 2018లో తీర్పు వచ్చింది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. బ్రిటన్‌లో 1988 తర్వాత గని కార్మికులను, నర్సులను, టీచర్లను యాజమాన్య పెన్షన్ నుంచి మాన్పించి ప్రైవేటు పెన్షన్లలోకి మళ్ళించారు. 1994లో పాత అమ్మకాలన్నీ తిరిగి పరిశీలించమని నియంత్రణాధికారులు ఆదేశించారు. చివరకు కంపెనీలు చెల్లించిన పరిహారం వెయ్యి కోట్ల పౌండ్లు దాటింది. ఇక్కడ అలా ఎవరూ మన గుమ్మంలోకి వచ్చి పరిశీలించరు. మనమే అడగాలి.

కనుక మిత్రులకు నా మనవి:

1. పాలసీ చేతికి రాగానే చదవండి. 2024 నుంచి 30 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చు.

2. గడువు దాటితే ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు.

3. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. జవాబు వచ్చిన ఏడాది లోపలే వెళ్ళాలి.

4. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. అక్కడ గడువు రెండేళ్ళు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అయితే ముందే అక్కడ కేసు వేస్తే అదే ఫిర్యాదును అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఒక్క మాట. మార్కెట్ పడిపోయినంత మాత్రాన పరిహారం రాదు. అబద్ధం చెప్పి అమ్మారని కాగితంతో చూపాలి.

మన మిర్చి యార్డులో టిక్కీ విప్పి కాయ చూడకుండా ఎవరూ ధర కట్టరు. ముప్పై ఏళ్ళ కష్టార్జితానికి ఆపాటి పరీక్ష చేయవద్దా? చేయలేకపోతే మాత్రం సిగ్గుపడి కూర్చోకండి. మనం మౌనంగా ఉన్నన్నాళ్ళూ గడువు కరిగిపోతూనే ఉంటుంది.