తూర్పు తీరపు దీపములు: విశాఖ నుండి కళింగపట్నము దాక
(ఉపన్యాస పాఠము)



ఉద్యోగధర్మముచే స్వస్థలమునకు దూరమున నివసించు తెలుగు కుటుంబములు ప్రయాణపు రాయితీపై సెలవులకు పోవునపుడు విశాఖపట్నమున దిగుదురు. ఒక సాయంకాలము ఇసుకపై కూర్చుండి పిల్లలకు అలలు చూపుదురు. మఱునాడు బంధువుల యిండ్లకు సాగిపోవుదురు. ఆ సెలవులో రెండు దినములు మిగుల్చుకొని ఉత్తరముగా కళింగపట్నము వరకు సుమారు 130 కిలోమీటర్లు ప్రయాణము చేసినచో, రెండువేల యేండ్ల చరిత్ర వరుసగా కన్నుల యెదుట నిలుచును. ఆ త్రోవకు గుఱుతులు దీపస్తంభములు. అచ్చటి రేవులు కొన్ని అంతరించినవి. వాని దీపములు మాత్రము కొన్ని నేటికిని వెలుగుచున్నవి. రేవు పోయిన చోట దీపమేల నిలిచినది? ఆ దీపము చుట్టునున్న పాత ఱాళ్లు ఏమి చెప్పుచున్నవి? ఈ ప్రయాణమున తెలిసికొనవలసిన దిదియే.

ప్రయాణమునకు మొదలు విశాఖ రేవు. 1933లో తెఱచిన ఈ రేవునకు దక్షిణమున యారాడకొండ సముద్రములోనికి ముక్కువలె చొచ్చుకొని యున్నది. నావికులు దానిని డాల్ఫిన్ నోస్ అనిరి. దానిపై నున్న దీపస్తంభము 1957లో నెలకొల్పినది. రేవు ముఖద్వారము చెంత మూడు గుట్టలు కలవు. ఒకదానిపై వేంకటేశ్వరాలయము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై క్రైస్తవ దేవాలయము. ఓడనెక్కి పోవువాని భయము ఏ మతమువానికైనను ఒక్కటే యని ఆ గుట్టలు చెప్పకయే చెప్పుచున్నవి.

దీపమును కొండపై ఏల పెట్టుదురను ప్రశ్నకు సమాధానము సులభము. భూమి గుండ్రముగా నుండుటచే దూరమునగల దీపము నీటిచాటున మునిగిపోవును. 25 మీటర్ల ఎత్తుననున్న దీపము నీటిమట్టమున నున్నవానికి సుమారు 19 కిలోమీటర్ల వఱకే కనబడును. దూరము రెట్టింపు కావలెనన్న ఎత్తు నాలుగు రెట్లు కావలెను. 100 మీటర్ల ఎత్తున నున్నచో 38 కిలోమీటర్ల దాక కనబడును. కొండ దొరికిన చోట ఆ ఎత్తు ఉచితముగా దొరకును. మఱియు ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క మెఱుపులెక్క కలదు. ఎన్ని మెఱుపులు, ఎన్ని క్షణముల కొకసారి యని లెక్కించి, నావికుడు పుస్తకముతో సరిచూచి, తా నే తీరమున నున్నాడో గ్రహించును. దీపస్తంభము వెలుగు నిచ్చుటకే కాదు, తన పేరు చెప్పుటకును నిలిచినది.

విశాఖ దాటి భీమిలి త్రోవలో, ఎడమచేతివైపు తొట్లకొండ కలదు. ఱాతిలో తొలిచిన నీటితొట్ల వలన దానికా పేరు వచ్చినది. 1988 మొదలు కొన్ని యేండ్లు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వగా బౌద్ధ విహారము, స్తూపములు, చైత్యములు బయటపడినవి. శాతవాహనుల నాణెములతో బాటు రోమను వెండినాణెములును దొరకినవి. సముద్రము కనబడు కొండపై భిక్షువుల విహారమున రోమను నాణెము దొరకుటకు అర్థమేమి? క్రింద రేవున సరకు దిగినది. వర్తకులు భిక్షువులను పోషించిరి. సముద్రము ఈ దేశమునకు గోడగా కాక వాకిలిగా నుండెననుటకు ఆ చిన్న వెండిబిళ్ల చాలును. 2019 అక్టోబరులో కురిసిన భారీవర్షములకు అచ్చటి మహాస్తూపము కూలగా మరల కట్టవలసి వచ్చినది. రెండువేల యేండ్ల కట్టడమును సంరక్షించుట ఒక్కసారితో ముగియు పని కాదు.

తరువాత ఎఱ్ఱమట్టి దిబ్బలు. గాలియు నీరును పేర్చిన ఆ ఎఱ్ఱని యిసుకమేటలు వేలకొలది యేండ్లనాటి సముద్రపు ఎత్తుపల్లములకు సాక్ష్యములు. వానిని దాటిన పిదప, గోస్తనీనది సముద్రమున గలియు చోట భీమునిపట్నము. డచ్చివారు పదునేడవ శతాబ్దమున ఇచ్చట వర్తకస్థానము ఏర్పఱచుకొనిరి. 1824 నాటి ఒడంబడిక ననుసరించి 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. 1861లో పురపాలక సంఘ మేర్పడినది. డచ్చివారి సమాధులు, తీరమునందలి చిన్న దీపస్తంభము నాటి వైభవమునకు మిగిలిన గుఱుతులు.

ఇంతటి రేవు ఏల పడిపోయినది? భీమిలిలో ఓడ ఒడ్డునకు రాజాలదు. దూరముగా లంగరు వేసిన ఓడ నుండి సరకును మసూలా పడవలపై తేవలెను. మేకులు లేక త్రాళ్లతో కుట్టిన ఆ పడవలు అలల తాకిడికి వంగునే గాని విఱుగవు. పడవవారి నేర్పు గొప్పదే. కాని 1890ల దశకమున తూర్పుతీరపు రైలుమార్గము లోపలి భూముల మీదుగా సాగి సరకును తనవైపు లాగుకొన్నది. పిమ్మట 1933లో విశాఖ రేవున ఓడలు నేరుగా ఒడ్డున నిలువసాగినవి. యుద్ధము గాని ఉప్పెన గాని కాదు, రైలుపట్టాలు, లోతైన రేవు కలిసి చిన్నరేవులను మెల్లగా నిద్రబుచ్చినవి.

భీమిలి దాటి తగరపువలసయొద్ద పెద్దరహదారి చేరి, పూసపాటిరేగ నుండి సముద్రమువైపు మఱలినచో చింతపల్లి తీరమున శాంతపల్లి దీపస్తంభము కనబడును. ఇది రేవును పిలుచు దీపము కాదు, హెచ్చరించు దీపము. తీరమునకు దూరముగా నీటి క్రింద శాంతపల్లి ఱాళ్లు పొంచియున్నవి. రేవునకై వెలసిన దీపమునకు రేవుతోబాటు పని తగ్గవచ్చును. ఱాతికై వెలసిన దీపమునకు ఱాయి ఉన్నంతకాలము పని తప్పదు.

ఈ దీపముల వెనుక మనుష్యులు కలరు. దీపస్తంభముల శాఖ కేంద్ర ప్రభుత్వమునదే; ఆ ఉద్యోగులు ఈ సభయందలివారికి తోడి ఉద్యోగులే. విద్యుత్తు రాకమునుపు వారు నూనెదీపము వెలిగించి, కటకము త్రిప్పు యంత్రమునకు రాత్రి పలుమారులు కీ యిచ్చి, తెల్లవాఱుదాక మేలుకొనెడివారు. ఊరికి దూరమున, బడియు వైద్యుడును అందని చోట, వారి కుటుంబములు కాలము గడపినవి. నేడు యంత్రములే అధికభాగము నిర్వహించుచున్నవి. ఉపగ్రహములు ఓడకు తన స్థానమును తెలుపుచున్నవి. 1927 నాటి దీపస్తంభముల చట్టమునకు బదులు 2021లో క్రొత్త చట్టము వచ్చినది. అయినను పరికరము చెడిన రాత్రి కంటికి కనబడు దీపమే ఆధారము. చిన్న పడవపై వలవేయు జాలరికి అది ఇంటిదారి.

శ్రీకాకుళము దాటి వంశధార సముద్రమున గలియు చోటికి చేరినచో కళింగపట్నము. ఒకప్పుడు ఓడలు లంగరు వేసిన రేవు. నేడు ప్రశాంతమైన పల్లెతీరము, దీపస్తంభము, దర్గా. అచ్చటికి కొలది దూరమున వంశధార యొడ్డున శాలిహుండము కొండ కలదు. ఆ బౌద్ధక్షేత్రమును 1919లో వెలుగులోనికి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై వాదించిన ఆ పండితుడు ప్రజల నోటి మాటనే గాక ప్రజలు మఱచిన ఱాతి మాటను కూడ విన్నాడు. బండిచక్రము వలె ఆకులతో కట్టిన ఇటుక స్తూపపు పునాది, తార, మారీచి మొదలగు దేవతామూర్తులు అచ్చట చూడదగినవి. కొండపై నిలిచి చూచినవారికి ఏరు, రేవు, విహారము ఒక్క కథగా అర్థమగును.

ఈ ప్రయాణమునకు వలసినది ధనము కంటె తీఱిక. కొన్ని దీపస్తంభములపైకి సందర్శకులను సాయంవేళ రానిత్తురు. ముందుగా విచారించి పోవుట మేలు. ఈ తీరమున అలలు మోసకారివి గనుక స్నానమునకు తొందరపడరాదు. అన్నిటికంటె ముఖ్యము, పిల్లలకు చెప్పవలసిన దొకటి కలదు. పాత ఱాతిపై పేరు చెక్కరాదు, ఒక్క యిటుకను గుఱుతుగా తీసికొని పోరాదు. 2014 అక్టోబరు 12న హుదుద్ తుపాను విశాఖపై విరుచుకుపడినది; గాలి, ఉప్పు, వాన చేయు నష్టమును ఎవ్వరును పూర్తిగా ఆపజాలరు. మనుష్యుడు చేయు నష్టమును మాత్రము ఆపవచ్చును.

దూరదేశములలో పెరుగుచున్న తెలుగు పిల్లలకు స్వస్థలమనగా తాతగారి యిల్లు, పండుగ వంట మాత్రమే కారాదు. తమ పూర్వులు ఓడలెక్కిరనియు, వచ్చిన ఓడలకు త్రోవ చూపిరనియు వారికి తెలియవలెను. రాబోవు సెలవులలో కొన్ని కుటుంబములైనను విశాఖలో ఆగక ఉత్తరమునకు సాగి, చీకటిపడిన పిదప కళింగపట్నపు దీపము మెఱుపులను పిల్లలచే లెక్కింపజేసినచో, ఈ ఉపన్యాసము సార్థకమైనట్లే.