డబ్బుకూ ఒక చిరునామా



ఉత్తరం మీద ఊరి పేరు, పిన్ కోడ్ ఉంటాయి కదా! అవి తప్పితే ఉత్తరం చేరదు. డబ్బు సంగతీ అంతే.

జగిత్యాల దగ్గర ఒక పల్లె అనుకోండి. అక్కడ ఒక అక్క ఉంది. ఆమె భర్త దుబాయిలో మేస్త్రీ పని చేస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"పైసలు పంపాలంటే స్విఫ్ట్ కోడ్ అడుగుతున్నరు. జర కనుక్కొని చెప్పు" అన్నాడు.

అక్కకు భయం వేసింది. "గా కోడ్ ఏంది? చెప్తే మన పైసలు ఎవలన్న గుంజుకుంటరా?" అంది.

భయం వద్దు. స్విఫ్ట్ కోడ్ అంటే బ్యాంకు గుర్తు. అది రహస్యం కాదు.

1973లో బెల్జియం దేశంలో స్విఫ్ట్ అనే సంస్థ పుట్టింది. దేశదేశాల బ్యాంకులు దాని ద్వారా కబురు పంపుకుంటాయి. నోట్ల కట్టలు విమానంలో రావు. "ఫలానా ఖాతాలో ఇంత వేయండి" అని కబురు వస్తుంది. బ్యాంకులకు ఒకదాని దగ్గర మరొకదానికి ఖాతాలుంటాయి. వాటిలో లెక్క తేల్చుకుంటాయి.

ఈ కోడ్‌లో 8 అక్షరాలుంటాయి. లేదా 11 ఉంటాయి. స్టేట్ బ్యాంకు కోడ్ చూడండి:

ఎస్ బి ఐ ఎన్ – ఐ ఎన్ – బి బి

మొదటి నాలుగూ బ్యాంకు గుర్తు. తర్వాతి రెండూ దేశం గుర్తు. ఐ ఎన్ అంటే ఇండియా. ఆ తర్వాతి రెండూ చోటు గుర్తు. ఇంకో మూడు ఉంటే అవి బ్రాంచి గుర్తు.

చాలా పల్లె బ్రాంచీలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. ఏ కోడ్ ఇవ్వాలో బ్యాంకులోనే అడగాలి.

పాస్ బుక్ మీద ఉండే ఐఎఫ్ఎస్ కోడ్ వేరు. అది మన దేశం లోపల వాడేది. అందులో 11 ఉంటాయి. ఐదోది ఎప్పుడూ సున్నా. 'ఓ' అక్షరం కాదు.

పాత పాస్ బుక్ చూసి చెప్పకండి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ తర్వాత పాత కోడ్లు మారాయి.

అక్క బ్యాంకుకు పోయింది. కోడ్ కాగితం మీద రాయించుకుంది. అవి ఇంగ్లీషు అక్షరాలు. అయినా జంకలేదు. ముగ్గు చుక్కలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఖాతా నంబరూ సరిచూసింది. భర్తకు చెప్పి, మళ్ళీ అతని చేత చెప్పించుకుంది.

కోడ్ తప్పితే డబ్బు ఆగిపోతుంది, లేదా వెనక్కి పోతుంది. ఖాతా నంబరు తప్పితే ఇంకొకరికి పడవచ్చు. అది ఒక మనిషి ఎండలో చేసిన కష్టం.

ఒక్క మాట మరవకండి. ఏటీఎం పిన్, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మీకు డబ్బు రావడానికి అవి అక్కర్లేదు.

ఇంట్లో పాస్ బుక్ ఉందా? ఈ రాత్రే తీయండి. ఐదో గుర్తు ఏమిటో చూడండి.