పైకి టూరిస్టు, కిందికి కొండ

(ఆత్మకూర్‌లో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటల పాఠం)



విశాఖపట్నం పోయొచ్చినవు గదా, ఏం చూసినవో చెప్పు అన్నరు. బీచ్ చూసిన, సబ్‌మెరైన్ చూసిన. అవి మీరు ఫోన్లలో చూసే ఉంటరు. నేను చెప్పాలనుకున్నది ఆ ఊరి రేవు గురించి, ఆ రేవుకు దిగే రైళ్ల గురించి. జూరాల పక్కన కూసోని సముద్రం ముచ్చట ఎందుకని అడగొచ్చు. ఆ ముచ్చట మన కృష్ణ ఒడ్డుకు కూడా వచ్చింది. అందుకే.

విశాఖ రేవును 1933లో ఓడలకు తెరిచిండ్రు. కట్టింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. మధ్య భారతంలో తవ్విన మాంగనీసును విదేశాలకు పంపడానికి వాళ్లకో దారి కావాలె, అదే ఈ రేవు. స్వాతంత్ర్యం వచ్చినంక జపాన్‌కు ఇనుప ఖనిజం కావాల్సి వచ్చింది. ఖనిజం బస్తర్‌లోని బైలాడిల్లా కొండల్లో ఉంది. అక్కడి నుంచి తూర్పు కనుమలను తొలుచుకుంట 1960లలో రైలు మార్గం వేసిండ్రు. అదే కొత్తవలస–కిరండూల్ లైను, సుమారు 445 కిలోమీటర్లు. దాని తర్వాత పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బర్ కట్టిండ్రు. ఒడిశాలో దామంజోడి కాడ నాల్కో తీసే అల్యూమినా కూడా ఈ రేవుకే దిగుతది. అంటే సముద్రం ఒడ్డున ఆ ఊరు అంత పెద్దగ పెరగడానికి, వందల కిలోమీటర్ల లోపల మనసొంటోళ్ల కొండలు తరగడానికి లంకె ఉంది. ఓడ ఎక్కేది బయటికి పోయింది. దుమ్ము మాత్రం వన్‌టౌన్ ఇండ్ల మీద పడింది. అక్కడి జనం ఏండ్ల సంది ఆ దుమ్ము గురించి మొత్తుకుంటనే ఉన్నరు.

ఇప్పుడు అదే రేవులో క్రూయిజ్ టెర్మినల్ ఉంది. 2023 సెప్టెంబరులో ప్రారంభించిండ్రు. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే ఓడ వచ్చిపోయింది. అది మామూలు ఓడ కాదు. అందులో ఇండ్లు కొనుక్కున్నోళ్లు ప్రపంచమంతా తిరుగుతుంటరు. మనకు ఊర్ల ఇంటి పట్టా దొరకదు, వాళ్లకు నీళ్ల మీద ఇల్లు! సరే, అది వాళ్ల అదృష్టం, దాని మీద నాకు కోపం లేదు.

నాకు మనసుల పడ్డది అరకు పోయే రైలు. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె తగిలించిండ్రు, విస్టాడోమ్ అంటరు. కప్పు కూడా అద్దమే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు, పెద్దలు ఒకటే కేకలు. ఆ సొరంగాలు తవ్వింది వాళ్ల కేకల కోసం కాదు, ఇనుప ఖనిజం కోసం. మధ్యల ఒక స్టేషన్‌లో మా బండిని పక్కకు ఆపిండ్రు. ఎదురుంగ గూడ్సు దిగింది. లెక్కపెట్టబోయిన, వ్యాగన్లు ఎంతకూ అయిపోలే, విడిచిపెట్టిన. ప్లాట్‌ఫారం మీద గంపల్లో సీతాఫలాలు పెట్టుకొని ఆడోళ్లు నిలబడ్డరు. గూడ్సు వాళ్ల కోసం ఆగదు. అద్దాల పెట్టె ఏసీది, కిటికీ తెరుచుకోదు, కాయ అమ్ముడువోదు. పైకి పోయేది టూరిస్టు, కిందికి దిగేది కొండ, నడుమ నిలబడ్డది మనం.

ఆ రాత్రి ఒక రిసార్టులో థింసా ఆడించిండ్రు. పండుగకు, పెండ్లికి ఆడే ఆట అది. ఇక్కడ భోజనాల టైముకు ఆడాలె. ఆట ఆడి పైసలు తీసుకుంటే తప్పని నేను అనను. కడుపు ఎవలకైనా ఉంటది. కానీ రేటు ఎవరు చెప్పిండ్రు, రిసార్టు కింద భూమి ఎవరిది, అవి అడగాలె. బోర్డు మీద గిరిజనుని పేరు, గల్లాపెట్టె ఇంకొకని దగ్గర అని అక్కడోళ్లే చెప్తరు.

ఇదే అనంతగిరి మండలంలో, బొర్రా గుహల పక్కనే నిమ్మలపాడు ఉంది. ఆ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గని లీజులిస్తే జనం, ‘సమత’ సంస్థ కలిసి కోర్టుకు పోయిండ్రు. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కావద్దనే 1 ఆఫ్ 70 చట్టం ప్రభుత్వానికి కూడా వర్తిస్తదని, ప్రైవేటుకు ఇచ్చిన లీజులు చెల్లవని ఆ తీర్పు సారం. ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చన్నది. తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం నీళ్లకు, బడికి, దవాఖానకు పెట్టాలన్నది.

ఆ ‘ప్రభుత్వ సంస్థ’ అనే సందులోంచే మళ్లీ దూరిండ్రు. 2015 నవంబరులో జీవో 97 ఇచ్చి, బాక్సైట్ తవ్వకానికి 1,212 హెక్టార్ల అడవిని ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పజెప్ప చూసిండ్రు. మన్యం లేచి నిలబడ్డది. 2019లో ఆ జీవో రద్దయింది. తీర్పు ఉన్నా ఊరు నిలబడాల్సే వచ్చింది.

ఇంక మన కాడికి వద్దాం. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు కాడ యురేనియం తవ్వుతమని 2000ల మొదట్లోనే వచ్చిండ్రు. సాగర్ జలాశయం పక్కనే. అది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, 1 ఆఫ్ 70 అక్కడ అక్కరకు రాదు. మరి ఎట్ల ఆగింది? ప్రజాభిప్రాయ సేకరణల్లో తండాల జనం ఎదురు చెప్పిండ్రు. హైదరాబాద్ తాగే కృష్ణ నీళ్లు ఇవేనని పట్నమోళ్లకు కూడా ఎరుకైంది. ఇప్పటికీ అక్కడ గని తెరవలే. 2019లో అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల సర్వేకు కేంద్రంలో దారి సుగమం చేసిండ్రు. మళ్లీ లొల్లి లేచింది. ఆ సెప్టెంబరులో మన అసెంబ్లీనే వద్దని తీర్మానం చేసింది. మనలో చెంచోళ్లున్నరు, లంబాడోళ్లున్నరు. నడుమ ఉన్న పేచీలు నాకు తెలుసు. బోరు మిషను గుడిసె ఎవరిదని అడగదు.

ఇప్పుడు మాట మారింది. గని కాదు, టూరిజం అంటున్నరు. సోమశిల నుంచి, సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలు నడుస్తున్నయి. ఆ లాంచీ పోయే నీళ్ల కింద ఊర్లున్నయి, మర్చిపోవద్దు. శ్రీశైలం ప్రాజెక్టుకు వంద ఊర్లు మునిగినయి. 1981లో ఎండకాలం దాటంగనే పోలీసులను పెట్టి ఖాళీ చేయించిండ్రు. మన పాలమూరోళ్లు, అటు కర్నూలోళ్లు అందరు ఆగమైండ్రు. లాంచీలో మైకు పట్టుకున్నాయన ఆ సంగతి చెప్తడో లేదో మీరే ఎక్కి చూడండి. ఇంకోదిక్కు పులుల పేరు చెప్పి, కుటుంబానికి 15 లక్షలిస్తం పెంటలు ఖాళీ చేయమంటరు. చెంచు పెంట పులికి అడ్డమైతది, సఫారీ జీపు కాదట.

నేను టూరిజం వద్దనను. గనిని అడిగిన ప్రశ్నలే దాన్నీ అడుగుదామంటున్న. అడగడానికి చట్టముంది. అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద బడి, దవాఖాన, అంగన్‌వాడీ, మంచినీళ్లు, రోడ్డు లాంటి 13 రకాల సౌకర్యాలకే ఊరి అడవిల భూమి ఇవ్వొచ్చు. అది కూడా ఒక్కోటి హెక్టారు లోపు, గ్రామసభ ఒప్పుకుంటేనే. ఆ 13లో రిసార్టు లేదు. ఊరిని కదిలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలుసుకొని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలని 4(2) చెప్తది. మైకుల ‘అందరికీ సమ్మతమే గదా’ అంటే సమ్మతం కాదు. చెంచులకు ఆవాస హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది, 3(1)(ఇ).

అమ్రాబాద్, లింగాల దిక్కు నుంచి వచ్చిన తమ్ముళ్లు మొదలు ఒక పని చేయండి. మీ గ్రామసభ తీర్మానాల రిజిస్టరు ఎవరి దగ్గరుందో ఈ వారంలనే కనుక్కోండి. అందుల ఏం రాసిండ్రో, ఎవరి వేలిముద్రలున్నయో ఫోన్ల ఫొటో తీసుకోండి. చదివి చెప్పేటోళ్లు లేకుంటే కబురు పెట్టండి. ఆదివారం బస్సెక్కి మేమే వస్తం.