చిక్కిన కాలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుస్తీ గురించి చెప్పమన్నారు. బ్రెజిలియన్ జియు-జిట్సులో ఒక్క చిక్కు గురించే చెబుతాను. మనం పైన ఉన్నాం. కిందివాడు మన కాలొకటి తన రెండు కాళ్ల మధ్య బిగించాడు. దీన్నే హాఫ్ గార్డ్ అంటారు. కొందరు అక్కణ్ణుంచి దాడికి రారు. పక్కకు ముడుచుకుని, కాలు వదలకుండా కాలక్షేపం చేస్తారు.

నలభై దాటాక నేర్చుకున్నాను లెండి. మొదట్లో కాలు గుంజేవాణ్ణి. ఒకరోజు అలా గుంజితే మోకాలు కటుక్కుమంది. ఆర్నెల్లు మెట్లెక్కలేదు. తప్పు కిందివాడిది కాదు, నాదే.

కాలి సంగతి చివర. ముందు ఒక చెయ్యి వాడి మెడ కింద దూర్చి, భుజంతో దవడను అవతలికి నెట్టాలి. రెండో చెయ్యి, చిక్కిన కాలివైపు, వాడి చంకలోకి పోవాలి. ఆ చంక పోరులో వాడు గెలిచాడో, మన వీపెక్కుతాడు! ఛాతీ బరువుతో వెల్లకిలా పరిచాక, మోకాలిని వాడి తొడమీదుగా నేలకు జార్చాలి. ఇక మిగిలేది చీలమండ. దాన్ని రెండో పాదంతో వాడి కాళ్లు తోసి విడిపించుకోవాలి. మూడు సెకన్లు అదిమి ఉంచితే పోటీలో 3 పాయింట్లు.

ఒకప్పుడు ఓటమికి ముందు మజిలీ అనుకున్న ఈ పట్టును దాడికి పనికొచ్చేలా మలిచినవాడు బ్రెజిల్‌కు చెందిన రొబెర్తో కొర్రెయా. ఆయనకూ మోకాలి దెబ్బేనట!

చాప పరిపించారు. కుర్రాడెవరైనా వస్తే చూపిస్తాను. మరీ గట్టిగా బిగించకు బాబూ.