వేళ తప్పని ప్రార్థన



 ఈ స్మారకోపన్యాసం ఏ పాస్టరు అయ్యగారి పేరిట జరుగుతోందో, ఆయన సేవ గురించి మీకు నేను చెప్పవలసింది లేదు. ఆయన చేత బాప్తిస్మం పొందినవారే ఈ సభలో ఎందరో ఉన్నారు. నాకు మాత్రం ఆయన బైబిలే గుర్తుకొస్తుంది. కీర్తనల గ్రంథం దగ్గర పేజీల అంచులు కొబ్బరినూనె పీల్చి పలచబడి, అవతలి పేజీ అక్షరాలు కనిపించేవి. తలకు రాసుకున్న చేత్తోనే తెల్లవారుజామున చదువుకునేవారు మరి. ఆ వేళకు ఎంత పెద్దవారు ఇంటికొచ్చినా అధ్యాయం పూర్తయ్యేదాకా అరుగు మీద కూర్చోవలసిందే. నన్నూ కూర్చోబెట్టారు.

దేవునితో అనుదిన సహవాసం లేకుండా విశ్వాసి ఎదగడన్న విషయంలో మనలో భేదం లేదు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించడం, ప్రభువు ఇంకా చీకటి ఉండగానే ఏకాంత స్థలానికి వెళ్లడం మీకు కంఠతా వచ్చు. తగాదా అల్లా ఆ సహవాసానికి వేరే వేళ కావాలా అన్న దగ్గరే. అక్కర్లేదనేవారు ఎప్పుడూ ఒకే సాక్షిని తెచ్చి నిలబెడతారు: పారిస్ కార్మెల్ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్. వంటింటి సందడిలోనూ మోకాళ్ల మీద ఉన్నంత నెమ్మదిగా దేవునితో ఉన్నానని ఆయన అన్నాడు గనుక, గిన్నెలు తోమడమే ప్రార్థన, వేకువ ప్రార్థన ఉత్త ఆచారం అని తేల్చేస్తారు. యువజన కూటాల్లో ఈ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడుతుంది. సాక్షి చెప్పింది పూర్తిగా విన్నవారు లేరు.

ముందు తేదీలు చూడండి. లారెన్స్ మఠంలో చేరింది 1640లో. జోసెఫ్ ద బొఫోర్ అనే కతోలిక గురువు ఆయనతో జరిపిన నాలుగు సంభాషణలు 1666 ఆగస్టుకూ 1667 నవంబరుకూ మధ్యవి. అంటే వంటింటి మాట పాతికేళ్ల సాధన దాటిన మనిషిది. పైగా అది ఆయన చేతిరాత కాదు. బొఫోర్ విని రాసుకున్నది, లారెన్స్ 1691లో పోయాక అచ్చయింది. ఆయన స్వయంగా రాసిన ఉత్తరాలున్నాయి. మొదటి సంవత్సరాల్లో, ధ్యానానికి కేటాయించిన సమయాల్లో మరణం, తీర్పు, నరకం, పరలోకం, తన పాపాలు తలపోసేవాడినని వాటిలో ఉంది. పదేళ్లు చాలా వేదన పడ్డానని ఉంది. కేటాయించిన సమయం ఉండేదని ఆయనే రాస్తే, అక్కర్లేదని ఆయన పేరిట మనమెలా చెబుతాం? అంతేకాదు, ఆ మఠం కార్మెల్ సభలో అవిలా తెరేసా తెచ్చిన సంస్కరణకు చెందింది. ఆ సంస్కరణలో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మౌనధ్యానం నియమం.

ఎదుటివారికి ఒక బలమైన ఆధారం ఉంది, దాచను. తనకు ప్రార్థన వేళకూ మిగతా వేళలకూ తేడా లేదనీ, ఏకాంతం తాను కోరననీ లారెన్స్ అన్నట్టు రెండో సంభాషణలో ఉంది. అయితే పెద్దల ఆజ్ఞ ప్రకారం ఏకాంతానికి వెళ్లేవాడినని కూడా ఆ వాక్యంలోనే ఉంది. మనవాళ్లు సగం చదివి పుస్తకం మూసేస్తున్నారు. అవసరం తీరిందని తోచాక కూడా వెళ్లినవాణ్ణి, ఆ అవసరం ఏమిటో ఇంకా రుచి చూడని కుర్రాడికి సాకుగా చూపడం అన్యాయం.

ఇంకో ఆక్షేపణ మరీ బాధిస్తుంది. మిరపకోతకు పోయే కూలితల్లికి ఏకాంతం ఎక్కడిది, వేళలన్నీ తీరికున్నవాళ్ల భాగ్యం అంటారు. ఆ తల్లుల్ని అడిగారా? గుంటూరు, పల్నాడు పల్లెల్లో ప్రస్తుతం నేను చేస్తున్న పని అదే. కూలీల ఆటో వచ్చేలోపు, పొయ్యి వెలిగించకముందే చాప మీద మోకరించి, ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించే స్త్రీలు వారు. చదువు రానివారు కీర్తనలు నోటికి పాడతారు. చదువుకున్న కూతుళ్లు బడి నోటుపుస్తకాల వెనక పేజీల్లో ప్రార్థనాంశాలు రాసిపెడతారు. ఒకదాంట్లో అప్పు, నాన్న తాగుడు, టెట్ పరీక్ష అని వరసగా ఉండి, మూడోదాని పక్కన మాత్రం ఎర్రసిరాతో స్తోత్రం అని ఉంది. ఆ తల్లి కాయ కోస్తూ కూడా దేవునితో మాట్లాడుతుంది, నిజమే. ఆ మాట మొదలయ్యేది మాత్రం చాప మీదే.

ప్రార్థనాంశాలు రాసిన ఈ నోటుపుస్తకాలు పాత పేపర్లతోపాటు తూకానికి పోతున్నాయి. మీ ఇళ్లలో అమ్మలవీ అమ్మమ్మలవీ ఉంటే దయచేసి నాకు చూపించండి. నకలు తీసుకుని అసలు మీకే తిరిగి ఇస్తాను. పేర్లు అచ్చు వేయను.